ఒకే కారుతో డ్రిఫ్టూ రేసూ: మోటారు సంగతి తరువాత, ముందు టైర్లు చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న మూడుసార్లు చదివాను. రాయగడలో ఉంటూ తమియా టిటి-02 అనే రిమోటు కారు కిట్టు తెప్పించుకున్నావు. ఆ ఒక్క కారుతోనే రేసూ, డ్రిఫ్టూ (మలుపుల్లో కారును కావాలని పక్కకు జారనిస్తూ నడపడం) రెండూ చెయ్యాలనుకుంటున్నావు. అందులో 3300 కేవీ బ్రష్‌లెస్ మోటారు, 25 పళ్ళ పినియన్ (మోటారు ఇరుసుకు తొడిగే చిన్న గేరు), మోటారును ముందుకూ వెనక్కూ జరుపుకోగలిగే అల్యూమినియం మౌంటు బిగించావు. డ్రిఫ్టు కోసం వెనక చక్రాలకు పీవీసీ పైపు ముక్కలు తొడిగి, ముందు చక్రాలకు రబ్బరు టైర్లు అలాగే ఉంచావు. థ్రాటిల్ నొక్కగానే కారు బొంగరంలా తిరిగిపోతోంది. అయిదు నిమిషాలకే మోటారు చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. రెండు బ్యాటరీలు ఉబ్బిపోయాయి. ఇప్పుడు 4500 కేవీ మోటారు కొనాలా, జైరో పెట్టాలా అని అడిగావు.

రెండూ వద్దు. డబ్బు జేబులోనే ఉంచు. నీ కారుకు వచ్చిన జబ్బు చాలావరకు ఆ రెండు పైపు ముక్కల దగ్గరే మొదలయింది.

పర్లాకిమిడిలో మాది మోటారు వైండింగు దుకాణం. పొలాల పంపుసెట్లు, పిండిమర మోటార్లు, ఇంటి మిక్సీలు, అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. తెచ్చినవాళ్ళు వైండింగు పాడైందనే అంటారు. విప్పి చూస్తే బేరింగు పట్టేసి ఉంటుంది, లేదా పంపులో ఇసుక దూరి ఉంటుంది, లేదా ఓల్టేజీ పడిపోయిన రాత్రులన్నీ అది మూలుగుతూ తిరిగి ఉంటుంది. మోటారు కాలిందంటే దాని మీద మోయలేనంత బరువు పడిందని అర్థం. అరచేతిలో పట్టే నీ కారు మోటారుకూ అదే లెక్క. బరువు ఎక్కడి నుంచి వస్తోందో వెతక్కుండా ఇంకా పెద్ద మోటారు పెడితే, ఈసారి అది కూడా కాలుతుంది.

నీ కారులో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య ఒక ప్రొపెల్లర్ షాఫ్టు ఉంది. మధ్యలో డిఫరెన్షియల్ (రెండు వైపులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు. అంటే ముందు జత, వెనక జత ఎప్పుడూ ఒకే వేగంతో తిరగాలి. ముందేమో నేలను పట్టుకునే రబ్బరు, వెనకేమో జారిపోయే ప్లాస్టిక్కు. ముందు చక్రాలు నేలను పట్టుకుని ముక్కును లోపలికి లాగుతాయి, వెనక భాగానికి ఆనిక ఉండదు కాబట్టి తోక బయటికి వెళ్ళిపోతుంది. నువ్వు ఎంత నేర్పుగా నడిపినా ఆ కారు తిరక్కుండా ఉండలేదు. దానికి తోడు పైపు ముక్క బయటి వ్యాసమూ రబ్బరు టైరు వ్యాసమూ ఒకటి కాకపోతే ఒక జత మరో జతను ఎప్పుడూ ఈడుస్తూనే ఉంటుంది. ఆ ఈడ్పంతా షాఫ్టు మీదా మోటారు మీదా పడుతుంది. మోటారు కాలడానికి ఇదొక్కటే కారణం అనను, మిగతావీ ఉన్నాయి. కానీ మొదటిది ఇదే.

కాబట్టి నాలుగు చక్రాలకూ ఒకే రకం టైర్లు, ఒకే వ్యాసం. రేసుకు నాలుగూ రబ్బరు, డ్రిఫ్టుకు నాలుగూ గట్టి ప్లాస్టిక్కు. నాలుగేసి చక్రాల సెట్లు రెండు విడిగా సిద్ధంగా ఉంచుకుంటే మార్చడానికి నాలుగు నట్లు విప్పడమే పని.

డ్రిఫ్టు టైర్లు కొనగలిగితే కొను, అవి గుండ్రంగా, సమంగా ఉంటాయి. పైపుతోనే చేసుకోవాలంటే కాస్త ఓపిక కావాలి. మన దగ్గర దొరికే 63 మి.మీ. పీవీసీ పైపు వ్యాసం సుమారుగా టైరు వ్యాసంతో సరిపోతుంది. కానీ లోపలి వ్యాసం చక్రం కంటే పెద్దది కాబట్టి వదులుగా ఉంటుంది. పైపు మందం రకాన్ని బట్టి మారుతుంది, అందుకే కొనేటప్పుడు వెర్నియర్ పట్టుకుని వెళ్ళు. సందులో సైకిల్ ట్యూబు పట్టీని ఒకే మందంతో, అతుకు మీద అతుకు పడకుండా చుట్టి ఆపైన పైపు ఎక్కించాలి. నాలుగు ముక్కలూ ఒకే పైపులోంచి, ఒకే వెడల్పుతో కొయ్యాలి. పైపు చుట్టూ కాగితం పట్టీ చుట్టి దాని అంచు వెంట గీత గీసుకుంటే రంపం పక్కకు పోదు.

కోసిన తరువాత అంచు చాలా ముఖ్యం. మా ఊళ్ళో కొమ్ముతో బొమ్మలు చేసే పెద్దాయన ఒకరున్నారు. పర్లాకిమిడి కొమ్ము పని ఎంత పేరున్నదో నీకూ తెలిసే ఉంటుంది. నేను మొదట చేసిన పైపు టైర్లు పట్టుకుని వెళితే ఆయన వాటి అంచు మీద బొటనవేలి గోరు పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పారు. రెండు చోట్ల గోరు ఆగింది. కళ్ళకు కనబడని ఎత్తు అది. ఆకురాయితో ఆ రెండు చోట్లా మాత్రమే తీసి, తరువాత నీళ్ళలో తడిపిన గరుకు కాగితాన్ని చదునైన రాయి మీద పరిచి, ముక్కను దాని మీద గుండ్రంగా తిప్పుతూ అంచును సన్నగా వంపు తిప్పారు. ఆ వంపు లేకపోతే పక్కకు జారేటప్పుడు అంచు గచ్చు సందుల్లో తట్టుకుని కారు గంతులేస్తుంది. అప్పటి నుంచి నేను ఏ టైరయినా గోరుతోనే చూస్తాను. నువ్వూ చూడు. చక్రం బిగించాక కారును ఎత్తిపట్టి నెమ్మదిగా తిప్పు. పైపు అటూ ఇటూ ఊగుతుంటే ట్యూబు పట్టీ మళ్ళీ చుట్టాల్సిందే, ఆ ఊగుడుతో బేరింగులు పాడవుతాయి.

ఇక పినియన్ లెక్క. పినియన్ తిప్పే పెద్ద గేరును స్పర్ గేరు అంటారు. నీ కారు స్పర్ గేరుకు 70 పళ్ళు, దాని తరువాత చక్రాల దాకా ఉన్న గేర్ల నిష్పత్తి 2.6. కిట్టుతో వచ్చే 22 పళ్ళ పినియన్‌తో 70ని 22తో భాగించి 2.6తో హెచ్చిస్తే 8.27 వస్తుంది. అంటే మోటారు 8.27 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. నువ్వు పెట్టిన 25తో అది 7.28. 3300 కేవీ అంటే బరువేమీ లేనప్పుడు ఒక ఓల్టుకు నిమిషానికి 3300 చుట్లు. 7.4 ఓల్టులకు 24,420 చుట్లు. 63 మి.మీ. టైరు ఒక చుట్టు తిరిగితే కారు సుమారు 20 సెం.మీ. ముందుకు పోతుంది. కాగితం మీద 22 పళ్ళతో గంటకు 35 కి.మీ., 25 పళ్ళతో 40 కి.మీ. ఆ అయిదు కిలోమీటర్ల కోసం మోటారు ప్రతి మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడూ ఎక్కువ బరువు లాగాల్సి వస్తోంది. మన చిన్న స్థలాల్లో కారు పూర్తి వేగాన్ని అందుకునే చోటే ఉండదు. 22కే తిరిగి వెళ్ళు. మూడు నిమిషాలు నడిపి ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో మోటారు డబ్బా మీద చూడు. 70 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింతగా ఉండు. 80కి చేరుతుంటే ఆపెయ్యి. వేడి మరీ పెరిగితే రోటరులోని అయస్కాంతం బలం తగ్గిపోతుంది, ఒకసారి తగ్గిన బలం చల్లారినా తిరిగిరాదు. ఎండాకాలంలో మధ్యాహ్నం నడిపితే లెక్క వేరు. చుట్టూ గాలే 40 డిగ్రీలున్నప్పుడు మోటారుకు చల్లారే దారి ఉండదు.

జరిపే మౌంటు పెట్టావు కాబట్టి గేరు సందు కూడా నువ్వే సరిచూసుకోవాలి. చాలామంది రెండు గేర్లనూ గట్టిగా నొక్కి మౌంటు బిగించేస్తారు. నీదీ అదే అయివుంటుందని నా అనుమానం. వార్తాపత్రిక కాగితం ఒక పట్టీగా చించి రెండు గేర్ల పళ్ళ మధ్య పెట్టి, దగ్గరికి నొక్కి స్క్రూలు బిగించు. తరువాత స్పర్ గేరును వేలితో తిప్పి కాగితం బయటికి తియ్యి. కాగితం మడతలు పడి బయటికి రావాలి, చిరిగిపోకూడదు. స్పర్‌ను వేలితో పట్టుకుని కదిపితే చెవికి సన్నని టిక్కు వినబడాలి. గేరు పూర్తిగా ఒక చుట్టు తిరిగేదాకా నాలుగైదు చోట్ల ఇలా చూడు. ప్లాస్టిక్ గేరు కొద్దిగా వంకర ఉండవచ్చు, ఒకచోట సరిగ్గా ఉండి మరోచోట పట్టెయ్యవచ్చు. పట్టేసే చోటును ఆధారం చేసుకునే సందు పెట్టాలి. మౌంటు స్క్రూలు లోహంలోకి వెళతాయి కాబట్టి వాటికి థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వెయ్యి. ప్లాస్టిక్‌లోకి వెళ్ళే స్క్రూలకు మాత్రం వెయ్యకు, అది ప్లాస్టిక్కును తినేస్తుంది.

బేరింగుల గురించి నువ్వేమీ రాయలేదు. కిట్టుతో వచ్చిన ప్లాస్టిక్ బుష్షులే ఉంటే ముందు వాటిని తీసి 11×5×4 మి.మీ. బాల్ బేరింగులు వెయ్యి. నువ్వు పెట్టబోయే ఖర్చులన్నిటిలో ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే. మార్చిన తరువాత మోటారు తీసేసి చక్రాన్ని చేత్తో తిప్పి వదిలి చూడు, తేడా నీకే తెలుస్తుంది.

వీటి తరువాతే ట్యూనింగు. కారు తిన్నగా లేకపోతే స్ప్రింగులు, కోణాలు మార్చి ప్రయోజనం లేదు. ఒక అద్దం ముక్క మీదో, చదునైన నాపరాయి మీదో కారును పెట్టు. బ్యాటరీ లోపలే ఉండాలి. స్క్రూడ్రైవరు మొనను ముందు బంపరు కింద సరిగ్గా మధ్యలో పెట్టి నెమ్మదిగా పైకి లేపు. ఎడమ, కుడి ముందు చక్రాలు రెండూ ఒకేసారి రాయిని వదలాలి. ఒకటి ముందు లేస్తే వెనక స్ప్రింగుల్లో తేడా ఉందో, చాసిస్ మెలికపడిందో చూడాలి. వెనక వైపు కూడా ఇలాగే. కిట్టు డాంపర్లలో (స్ప్రింగుల ఊగుడును అణచే గొట్టాలు) నూనె ఉండదు, లోపలి రాపిడే వాటికి ఆధారం, అందుకే నాలుగూ నాలుగు రకాలుగా పనిచేస్తాయి. నూనె డాంపర్లకు మారితే 300 నుంచి 400 సీఎస్‌టీ (నూనె చిక్కదనం కొలత) నూనెతో మొదలుపెట్టు. నూనె పోశాక పిస్టన్‌ను నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించి, పది నిమిషాలు నిలబెట్టి ఉంచితే బుడగలు పైకి వచ్చేస్తాయి. బుడగ మిగిలిన డాంపరు ప్రతి గతుకుకూ ఒక్కో రకంగా స్పందిస్తుంది.

వంటింటి తూకం యంత్రాలు రెండు దొరికితే ఎడమ చక్రాలు ఒకదాని మీద, కుడి చక్రాలు ఒకదాని మీద పెట్టి చూడు. రిమోటు సంకేతాన్ని అందుకునే రిసీవరు, మోటారు వేగాన్ని అదుపుచేసే ఈఎస్‌సీల చోటు మార్చి రెండు వైపులా తూకం వీలైనంత సమం చెయ్యి. కుడి మలుపు ఒకలా, ఎడమ మలుపు ఒకలా తిరుగుతోందనే ఫిర్యాదు చాలామందికి ఇక్కడే తీరిపోతుంది.

డ్రిఫ్టుకు ఈ కారును ఎలా సిద్ధం చెయ్యాలో చెబుతాను. వెనక డిఫ్ (డిఫరెన్షియల్) మామూలుగా ఉంటే భారం లేని చక్రం ఊరికే గిరగిరా తిరుగుతుంది, రెండోది తిరగదు, తోక ఒకసారి జారి ఒకసారి జారక ఇబ్బంది పెడుతుంది. కాబట్టి వెనక డిఫ్ బిగుసుకుని ఉండాలి. కొందరు ఎం-సీల్ పెట్టి శాశ్వతంగా బిగించేస్తారు. నేనది ఒప్పుకోను. అదే కారును రేసుకు మళ్ళీ వాడాలనుకుంటున్నావు, పైగా ఆ ముద్ద విరిగితే ముక్కలు గేర్లలో పడతాయి. తమియా వాళ్ళే అమ్మే యాంటీ వేర్ గ్రీజు చాలా చిక్కగా, జిగురుగా ఉంటుంది. అది దట్టంగా కూరి చూడు. ఇంకో డిఫ్ కొని ఒకటి డ్రిఫ్టుకు, ఒకటి రేసుకు పెట్టుకోగలిగితే అంతకంటే మేలు లేదు. బిగించిన డిఫ్‌తో రబ్బరు టైర్లు వేసి నడపకు. మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం వేర్వేరు దూరాలు తిరగాలి. రబ్బరు జారదు కాబట్టి ఆ ఒత్తిడంతా డాగ్‌బోన్ల (డిఫ్ నుంచి చక్రాన్ని తిప్పే చిన్న కడ్డీలు) మీద పడుతుంది.

తరువాత స్టీరింగ్ కోణం. డ్రిఫ్టులో తోక జారిన వైపుకే ముందు చక్రాలు తిప్పాలి. కోణం చాలకపోతే తిప్పినా కారు నిలదొక్కుకోదు. కానీ కిట్టు డాగ్‌బోన్లతో కోణం ఎక్కువ పెంచితే అవి పట్టేస్తాయి, లేదా ఊడి పడతాయి. వాటి బదులు ఎక్కువ కోణంలోనూ తిరిగే కీలున్న యూనివర్సల్ షాఫ్టులు వేసుకున్న తరువాతే కోణం పెంచు. రిమోటులో ఎండ్ పాయింటు (చక్రాలు ఎంతవరకు తిరగాలో చెప్పే హద్దు) తగ్గించి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ పో. చివరికి వెళ్ళాక ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు, అదే సర్వో, గుయ్యిమని మూలుగుతుంటే ఒక అడుగు వెనక్కి తీసుకో. ఆ మూలుగు విన్నాక కూడా అలాగే వదిలేస్తే సర్వో ఎక్కువకాలం బతకదు.

జైరో గురించి అడిగావు. అది రిసీవరుకూ సర్వోకూ మధ్య కూర్చుని, తోక జారగానే ముందు చక్రాలను నీకంటే ముందే ఎదురు తిప్పుతుంది. వెనక చక్రాలతో మాత్రమే నడిచే డ్రిఫ్టు కార్లకు అది దాదాపు తప్పనిసరి. యొకోమో వైడీ-2 లాంటివి దాన్ని దృష్టిలో పెట్టుకునే చేసినవి. నీ నాలుగు చక్రాల కారుకు ఇప్పుడే అక్కర్లేదు. చేత్తో ఎదురు తిప్పడం ముందు వేళ్ళకు రావాలి. ఎప్పుడైనా పెడితే మాత్రం దిక్కు సరిచూడు: కారును చేతిలో పట్టుకుని ముక్కును గబుక్కున కుడికి తిప్పితే చక్రాలు ఎడమకు తిరగాలి. తలకిందులుగా ఉంటే కారు ఒక్క క్షణం కూడా నిలవదు. రేసుల్లో జైరోను సాధారణంగా ఒప్పుకోరు, అది గుర్తుంచుకో.

రేసుకు అన్నీ దాదాపు తిరగబడతాయి. ముందు డిఫ్‌లో చిక్కటి గ్రీజు, వెనక డిఫ్‌లో పల్చటిది. వెనక చక్రాల ముక్కులు లోపలికి తిరిగి ఉండాలి, దాన్నే టో-ఇన్ అంటారు. 2 నుంచి 3 డిగ్రీల టో-ఇన్ ఇచ్చే అప్‌రైట్లు (చక్రం ఇరుసును పట్టుకునే ముక్కలు) దొరుకుతాయి. అవి వేస్తే మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు తోక నిబ్బరంగా ఉంటుంది. క్యాంబరు అంటే ముందు నుంచి చూస్తే చక్రం నిలువు నుంచి వంగిన వంపు, అది పైభాగం ఒకటి నుంచి రెండు డిగ్రీలు లోపలికి వంగితే చాలు. నడిపిన తరువాత టైరు అరుగుదల చూడు. లోపలి అంచే అరుగుతుంటే వంపు ఎక్కువైంది, బయటి అంచు అరుగుతుంటే తక్కువైంది. చాసిస్ ఎత్తు నున్నటి ట్రాకు మీద 5, 6 మి.మీ. చాలు గానీ మన గచ్చుల మీద అంత కిందికి దించితే అడుగు గీసుకుపోతుంది, 8 దగ్గర ఉంచు. రబ్బరు మెత్తదనాన్ని టైరు మీద అంకెతో సూచిస్తారు. ఒకే తయారీదారు టైర్లలో 28 చల్లటి వేళకు, 36 ఎండ వేళకు అన్నట్టు. మనకు ఏడాదిలో ఎక్కువ నెలలు గట్టివే సరిపోతాయి.

ఒకేసారి ఒక్క మార్పే చెయ్యి. క్యాంబరు, స్ప్రింగు, నూనె మూడూ ఒకే సాయంత్రం మార్చితే ఏది మేలు చేసిందో నీకు ఎప్పటికీ తెలియదు. నేను మార్పులు రాసుకునే పుస్తకంలో ప్రతి పేజీకీ నేల ఎలా ఉందో కూడా రాస్తాను, ఎందుకంటే మన దగ్గర నేల నెలకో రకంగా మారుతుంది. మేము నడిపేది ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం మీద. పాతపట్నం వైపు నుంచీ కుర్రాళ్ళు వస్తారు. నూర్పిళ్ళ తరువాత ఎంత ఊడ్చినా సన్నటి ఊక పొడి మిగులుతుంది, అప్పుడు రబ్బరు టైర్లు కూడా డ్రిఫ్టు టైర్లలా జారతాయి. వానాకాలంలో గచ్చు చెమర్చి ప్లాస్టిక్ టైర్లు ఉన్నట్టుండి పట్టుకుంటాయి. ముందు నేలను ఊడ్చి, తడిగుడ్డతో టైర్లు తుడిచి, ఆరనిచ్చాకే మొదలుపెట్టు. కింద ఊక, దుమ్ము ఉన్న రోజున స్పర్ గేరు చుట్టూ చూసి శుభ్రం చెయ్యి.

ఇప్పుడు బ్యాటరీలు. ఇది మాత్రం అడక్కపోయినా చెప్పేవాణ్ణి. ఉబ్బిన ఆ రెండింటినీ ఈ రోజే వాడకంలోంచి తీసెయ్యి. అణచి బిగించడం, సూదితో గుచ్చి గాలి తీయడం లాంటివి చెయ్యకు, మంట లేస్తుంది. నీ కారులో వాడే లిథియం పాలిమర్ (లైపో) బ్యాటరీ సెల్లు నిండితే 4.2 ఓల్టులు, 3.0 కంటే కిందికి దిగితే దెబ్బతింటుంది. నీ ఈఎస్‌సీ ఏ బ్యాటరీ రకానికి సెట్ అయివుందో చూడు. నికెల్ బ్యాటరీకి సెట్ చేసి ఉంటే అది లైపోను ఆపాల్సిన చోట ఆపదు, చివరి చుక్కదాకా తాగేస్తుంది. నీ బ్యాటరీలు ఉబ్బడానికి ఇది ఒక కారణం కావచ్చు. కొన్నిటిలో చిన్న జంపరు ఉంటుంది, కొన్నిటిని ప్రోగ్రాం కార్డుతో మార్చాలి. చార్జింగు 1సీకి మించకు: 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి 5 యాంపియర్లు. ఎప్పుడూ సెల్లులన్నీ సమంగా నిండేలా చూసే బ్యాలెన్సు తీగ కలిపే చార్జింగు పెట్టు. వారం దాటి వాడనప్పుడు సెల్లుకు 3.8 ఓల్టుల దగ్గర ఉంచు.

ఒక మే నెల సాయంత్రం నేను కారులోంచి తీసిన వేడి బ్యాటరీని చల్లారనివ్వకుండానే చార్జరుకు తగిలించి, అన్నం తినడానికి లోపలికి వెళ్ళాను. వచ్చేసరికి దుకాణమంతా పొగ. కింద నాపరాయి బల్ల ఉండబట్టి అది అక్కడికే ఆగింది, పక్కనే రాగి తీగల చుట్టలతో పాటు వార్నిష్ డబ్బాలు కూడా ఉన్నాయి. ఆ రోజు నుంచి చార్జింగులో ఉన్న బ్యాటరీని వదిలి నేను గది దాటలేదు. నువ్వు కూడా రాతి మీదో, సిమెంటు మీదో పెట్టి, కనిపెట్టుకుని ఉండు. చేతికి చల్లగా తగిలేదాకా చార్జరు దగ్గరికి తీసుకురాకు. ఎండలో నిలిపిన బండి డిక్కీలో బ్యాటరీ ఉంచకు.

ఇవన్నీ అయ్యాక, డ్రిఫ్టు టైర్లతో మొదటి రోజు ట్రాకు గీయకు. గచ్చు మధ్యలో ఒక ఖాళీ డబ్బా పెట్టి దాని చుట్టూ ఒకే వైపు తిప్పు. థ్రాటిల్ పూర్తిగా నొక్కడం, పూర్తిగా వదలడం కాకుండా మధ్యలో ఒకచోట పట్టి ఉంచడం వేళ్ళకు అలవాటు కావాలి. ఒక బ్యాటరీ కుడి వైపు, ఒక బ్యాటరీ ఎడమ వైపు. తరువాత రెండు డబ్బాలు పెట్టి ఎనిమిది ఆకారంలో తిప్పు.

22 పళ్ళ పినియన్ వేసి, నాలుగు చక్రాలకూ ఒకే రకం టైర్లు తొడిగి, మూడు నిమిషాలు నడిపి మోటారు వేడి ఎంతో రాసి పంపు. వాటితో పాటు నాలుగు టైర్ల వ్యాసాలు వెర్నియర్‌తో కొలిచి, ఈఎస్‌సీ ఏ బ్యాటరీకి సెట్ అయివుందో కూడా రాయి. అవి చూశాక స్ప్రింగుల సంగతి మాట్లాడుకుందాం.